కెర్నెల్‌లో ఉన్నది, ఫైల్లో రాసింది: ఫ్రీబీఎస్‌డీలో నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్ అమర్చడం

(గుంటూరులో డిప్లొమా, ఇంజినీరింగ్ విద్యార్థులకు, చిన్న ఆఫీసుల్లో కంప్యూటర్లు చూసుకునేవారికి ఇచ్చిన ప్రసంగానికి అక్షరరూపం. వక్త చదివి వినిపించిన ఆదేశాలను, చదివిన తీరులోనే తెలుగు లిపిలో రాశాం.)

అందరికీ నమస్కారం. ఆదివారం, అదీ ఈ ఎండల్లో, ఇంతమంది వచ్చినందుకు చాలా సంతోషం. నేరుగా విషయంలోకి వస్తాను.

మీలో చాలామందిని ఎవరో ఒకరు "నెట్ రావట్లేదు, కాస్త చూడమ్మా", "చూడు బాబూ" అని పిలిచే ఉంటారు. వెళ్లగానే మనం ఏం చేస్తాం? రౌటర్ ఆపి మళ్లీ వేస్తాం. కేబుల్ పీకి మళ్లీ పెడతాం. మెషీన్ రీస్టార్ట్ చేస్తాం. ఒక్కోసారి నెట్ వచ్చేస్తుంది. ఎందుకు పోయిందో తెలియదు, ఎందుకు వచ్చిందో కూడా తెలియదు. వారం తిరక్కుండా మళ్లీ ఫోను వస్తుంది.

యూనిక్స్ కుటుంబానికి చెందిన ఏ సిస్టమ్ తీసుకున్నా నెట్‌వర్క్ అమరిక రెండు చోట్ల ఉంటుంది. ఒకటి కెర్నెల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ, దాని మెమరీలో, అంటే ఈ క్షణాన నిజంగా నడుస్తున్నది. రెండోది డిస్క్ మీద ఫైల్లో, అంటే మెషీన్ మళ్లీ లేచినప్పుడు ఎలా ఉండాలో రాసిపెట్టింది. ఒకదాన్ని మారిస్తే రెండోది దానంతటది మారదు. ఈ రెండూ ఒకే మాట చెబుతున్నాయా లేదా అన్నది ఎప్పటికప్పుడు చూసుకోవడం, చెప్పకపోతే చెప్పేలా చేయడం, ఇంటర్‌ఫేస్‌ని, అంటే మెషీన్‌ని నెట్‌వర్క్‌తో కలిపే కార్డును, అమర్చడమంటే నా దృష్టిలో ఇదే. మిగిలిన ఆదేశాలన్నీ మాన్యువల్ పేజీలో దొరుకుతాయి.

ఇక్కడ మిర్చి సీజన్లో జరిగిన ఒక సంగతి చెబుతాను. ఒక కోల్డ్ స్టోరేజీ ఆఫీసులో బిల్లింగ్ సర్వర్ నెలల తరబడి చక్కగా నడిచింది. దాన్ని అమర్చిన కుర్రాడు అడ్రసు, రూటు (బయటికి వెళ్లే దారి) అన్నీ కమాండ్ కొట్టి పెట్టాడు, ఆ వెంటనే పనిచేసింది, అందరూ మెచ్చుకున్నారు. ఫైల్లో మాత్రం ఏమీ రాయలేదు. సీజన్ మధ్యలో ఒకరోజు కరెంటు పోయింది, యూపీఎస్ కూడా చాలినంత సేపు నిలవలేదు. కరెంటు వచ్చాక మెషీన్ లేచింది, నెట్‌వర్క్ లేవలేదు. బయట మిర్చి టిక్కీల లారీలు వరసగట్టి ఉన్నాయి, కాటా స్లిప్పులు ప్రింటు కావట్లేదు. అందరూ కేబుల్ మీద, స్విచ్ మీద, చివరికి ప్రింటర్ మీద పడ్డారు. మెషీన్ తప్పేమీ లేదు. దానికి ఎవరూ రాసివ్వలేదు, అందుకని అది గుర్తుపెట్టుకోలేదు. ఆ కుర్రాడిది తెలివితక్కువతనం అని నేను అనను. పనిచేస్తున్నది చూశాక, ఇంకో సగం పని మిగిలి ఉందని చెప్పేవాళ్లు అతనికి లేరు.

ఇవాళ నేను ఫ్రీబీఎస్‌డీ అనే యూనిక్స్ తరహా ఆపరేటింగ్ సిస్టమ్ మీద చూపిస్తాను. లైనక్స్ వాడేవాళ్లు కంగారుపడొద్దు, దాని దగ్గరికీ వస్తాను. ఫ్రీబీఎస్‌డీని ఎంచుకోవడానికి కారణం, అందులో ఈ రెండు చోట్లూ విడివిడిగా, స్పష్టంగా కనిపిస్తాయి. పైగా మనం వాడబోయే ఐఎఫ్‌కాన్ఫిగ్ అనే ఆదేశానికి పుట్టిల్లు అదే వంశం. ఇంటర్నెట్‌కు ముందున్న అర్పానెట్ మొత్తం 1983 జనవరి 1న, ఇప్పటి ఇంటర్నెట్ వాడే టీసీపీ/ఐపీ పద్ధతికి మారింది. అదే ఏడాది కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్క్‌లీ నుంచి 4.2 బీఎస్‌డీ వచ్చింది. ఐఎఫ్‌కాన్ఫిగ్ అందులోనే మొదటిసారి కనిపించింది. దానికి వారసురాలు ఫ్రీబీఎస్‌డీ, 1993లో మొదలైంది. నలభై ఏళ్లు దాటినా ఆ ఆదేశం పేరు, దాని జవాబు తీరు పెద్దగా మారలేదు. ఒకసారి చదవడం వస్తే అది మీకు ఉద్యోగం మొత్తం పనికొస్తుంది.

తెర మీద చూడండి. ఐఎఫ్‌కాన్ఫిగ్ అని ఒక్క మాట కొట్టాను, వెనక ఏమీ ఇవ్వలేదు. ఇలా కొడితే అది ఏదీ మార్చదు, ఉన్నది చెబుతుంది. అందుకే ఏ మెషీన్ ముందు కూర్చున్నా ముందు ఇది కొట్టండి.

ఎడమ పక్క మొదటి మాట ఈఎమ్0. ఇది ఇంటర్‌ఫేస్ పేరు. ఫ్రీబీఎస్‌డీలో డ్రైవర్ పేరుతోనే ఇంటర్‌ఫేస్‌ని పిలుస్తారు. ఇంటెల్ గిగాబిట్ కార్డులకు ఈఎమ్, రియల్‌టెక్ అయితే ఆర్‌ఈ, బ్రాడ్‌కామ్ అయితే బీజీఈ. అలాంటి కార్డుల్లో మొదటిది సున్నా, తర్వాతది ఒకటి. కింద ఎల్ఓ0 అని కనిపిస్తున్నది లూప్‌బ్యాక్, 127.0.0.1 అడ్రసు దానిదే. మెషీన్ తనతో తాను మాట్లాడుకోవడానికి అది. దాన్ని కదిలించకండి, చాలా ప్రోగ్రాములు దాని మీద ఆధారపడతాయి.

పేరు పక్కన ఫ్లాగ్స్ అని ఉండి, కోణపు బ్రాకెట్లలో అప్, బ్రాడ్‌కాస్ట్, రన్నింగ్ అని మాటలు ఉన్నాయి. అప్ అంటే "ఈ ఇంటర్‌ఫేస్‌ని వాడు" అని మనం చెప్పామని అర్థం. కేబుల్ బాగుందని కాదు. ఇక్కడ చాలామంది పొరపడతారు. కేబుల్ సంగతి చివర్లో, స్టేటస్ అనే లైన్లో ఉంటుంది. స్టేటస్ యాక్టివ్ అని ఉంటే అవతలి స్విచ్‌తో సిగ్నల్ కలిసింది. నో క్యారియర్ అని ఉంటే కలవలేదు. నో క్యారియర్ అని కనబడ్డాక అడ్రసు మార్చడం, రూటు మార్చడం అంతా వృథా. లేచి వెళ్లి పోర్టు దగ్గర లైటు వెలుగుతోందా లేదా చూడాలి.

ఇప్పుడు స్టేటస్‌కి పై లైను చూడండి, మీడియా అని ఉంది. ఈథర్నెట్ ఆటోసెలెక్ట్, పక్కన 1000బేస్‌టి, ఫుల్ డూప్లెక్స్. అంటే రెండు వైపులా మాట్లాడుకుని సెకనుకు వెయ్యి మెగాబిట్ల వేగానికి ఒప్పుకున్నాయి. ఇక్కడ వెయ్యి రావాల్సింది వంద కనబడితే, సెట్టింగ్స్‌లోకి వెళ్లకముందు కేబుల్‌ని అనుమానించండి. వంద మెగాబిట్లకు కేబుల్లోని నాలుగు జతల తీగల్లో రెండు జతలు చాలు. గిగాబిట్‌కు నాలుగూ కావాలి. క్రింపింగ్‌లో ఒక్క తీగ సరిగా లోపలికి దిగకపోతే కొన్ని కార్డులు వందకు దిగి సర్దుకుంటాయి, కొన్ని అసలు లింకే ఇవ్వవు. "నెట్ ఉంది కానీ స్లో" అనే ఫిర్యాదుల్లో కొన్నింటికి జవాబు ఈ లైన్లోనే ఉంటుంది. ఇక్కడ కూర్చునే కనిపెట్టొచ్చు.

ఒకవేళ ఐఎఫ్‌కాన్ఫిగ్‌లో కార్డు పేరే లేకపోతే? అప్పుడు కెర్నెల్‌కు ఆ కార్డు డ్రైవర్ దొరకలేదు. పీసీఐకాన్ఫ్ -ఎల్వీ అని కొడితే మదర్‌బోర్డు మీదున్న పీసీఐ పరికరాలన్నీ వస్తాయి. డ్రైవర్ దొరకని పరికరం నన్0, నన్1 అన్న పేర్లతో కనిపిస్తుంది, దాని కింద తయారీదారు పేరు ఉంటుంది. ఆ కార్డుకు తగిన మాడ్యూల్ మీ దగ్గరుంటే కేఎల్‌డీలోడ్‌తో ఎక్కిస్తారు. ఎక్కించగానే పేరు వస్తుంది. అక్కడితో పని అయిపోయిందా? కాలేదు. కేఎల్‌డీలోడ్ ఇప్పటి కెర్నెల్‌కు చెప్పింది. రేపు బూట్ అయ్యేటప్పుడు ఎక్కాలంటే బూట్ డైరెక్టరీలోని లోడర్ డాట్ కాన్ఫ్ ఫైల్లో ఒక లైను రాయాలి. చూశారా, డ్రైవర్ దగ్గర కూడా అదే కథ.

ఇక అడ్రసు. ఇనెట్ 192.168.1.20, పక్కనే నెట్‌మాస్క్. మాస్క్‌ని ఫ్రీబీఎస్‌డీ హెక్సాడెసిమల్‌లో చూపిస్తుంది: సున్నా ఎక్స్ తర్వాత ఆరు ఎఫ్‌లు, రెండు సున్నాలు. అది మనకు తెలిసిన 255.255.255.0యే. రెండేసి ఎఫ్‌లు ఒక 255.

మాస్క్ దగ్గర కాస్త ఆగుతాను. పరీక్షల్లో సబ్‌నెట్టింగ్ లెక్కలు అందరూ చేస్తారు, కానీ మెషీన్ దాన్ని ఎందుకు వాడుతుందో అడిగితే చాలామంది తడబడతారు. మన బ్రాడీపేటనే తీసుకోండి. అడ్రసు చెప్పేటప్పుడు ఇన్నో లైను, ఇన్నో అడ్డరోడ్డు అంటాం. లైను నంబరు మీది, అవతలివాళ్లది ఒకటే అయితే నడుచుకుంటూ వెళ్లి నేరుగా తలుపు కొడతారు. మనిషి కొత్తపేటలో ఉంటే రైలు పట్టాలు దాటాలి, ముందు వంతెన దగ్గరికి పోవాలి. ఎదుటి అడ్రసులో ఎంత భాగాన్ని "లైను"గా చూడాలో మెషీన్‌కు చెప్పేది మాస్క్. ఆ భాగం తనదానితో కలిస్తే నేరుగా వెళుతుంది. కలవకపోతే గేట్‌వేకి, అంటే బయటికి దారి చూపే రౌటర్‌కు, అప్పగిస్తుంది. ప్రతి ప్యాకెట్ (డేటా ముక్క) పంపేముందూ ఈ నిర్ణయం జరుగుతుంది.

నేరుగా వెళ్లడమంటే ఏమిటంటే, ఏఆర్‌పీ ద్వారా "192.168.1.30 ఎవరిది?" అని ఆ తీగ మీద ఉన్న అందరికీ వినబడేలా అడుగుతుంది. ఆ అడ్రసున్న మెషీన్ తన 48 బిట్ల హార్డ్‌వేర్ అడ్రసుతో జవాబిస్తుంది. 1982 నవంబరులో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 826 అనే ఇంటర్నెట్ పత్రంలో రాసిన పద్ధతి ఇది, ఇప్పటికీ అదే.

ఇప్పుడు మాస్క్ తప్పితే ఏమవుతుందో చూపిస్తాను. ఈ ల్యాబ్ మెషీన్‌కు 10.10.1.20 అడ్రసు ఇచ్చాను, మాస్క్ 255.0.0.0 పెట్టాను. ఇది ఊహించి పెట్టిన తప్పు కాదు. పాత తరగతుల పద్ధతి ప్రకారం 10తో మొదలయ్యే అడ్రసుకు మాస్క్ ఇవ్వకపోతే సిస్టమ్ అనుకునేది ఇదే. కొత్త వెర్షన్లు మాస్క్ లేకుండా ఇస్తే హెచ్చరిక చూపిస్తాయి, ఆ హెచ్చరికను చదవాలి మరి. సరైన మాస్క్ 255.255.255.0 అనుకుందాం. ఆఫీసుకు విజయవాడలో ఇంకో బ్రాంచి ఉంది, అక్కడి మెషీన్లు 10.20.1 తో మొదలవుతాయి.

లక్షణం ఎలా ఉంటుందో గమనించండి. ఇంటర్నెట్ బాగా వస్తుంది. పక్క టేబుల్ ప్రింటర్ వస్తుంది. విజయవాడ బ్రాంచి మాత్రం రాదు. అందరూ ఏమంటారు? "లైను బాగాలేదు", "విజయవాడవాళ్ల వైపే ఏదో ఉంది" అంటారు. అక్కడివాళ్లు "మాకు అన్నీ బాగానే ఉన్నాయి" అంటారు. ఇద్దరూ నిజమే చెబుతుంటారు.

మెషీన్‌నే అడుగుదాం. రూట్ -ఎన్ గెట్ 10.20.1.5. ఇదిగో జవాబు. ఇంటర్‌ఫేస్: ఈఎమ్0 అని ఉంది. గేట్‌వే అనే లైనే లేదు. పోల్చడానికి బయటి అడ్రసు ఒకటి అడుగుతాను. చూడండి, ఇక్కడ గేట్‌వే: 10.10.1.1 అని వచ్చింది. అంటే విజయవాడ అడ్రసును ఇది తన సొంత తీగ మీదే ఉందనుకుంటోంది, గేట్‌వేకి ఇవ్వట్లేదు. ఇప్పుడు ఏఆర్‌పీ -ఏఎన్ కొడదాం. 10.20.1.5 పక్కన ఇన్‌కంప్లీట్ అని ఉంది. పిలిచింది, ఎవరూ పలకలేదు. పలకరు, విజయవాడ మెషీన్‌కు ఈ కేక వినబడదు కదా. మాస్క్ సరిచేస్తున్నాను. మళ్లీ రూట్ గెట్. గేట్‌వే లైను వచ్చేసింది. కేబుల్ ముట్టుకోలేదు, విజయవాడకు ఫోను చేయలేదు.

అవతలి మెషీన్ పలుకుతుందా లేదా చూసే పింగ్ అనే ఆదేశం ఇచ్చే సందేశాల మాట కూడా ఇక్కడే చెప్పాలి. పింగ్‌ని మైక్ మూస్ 1983 డిసెంబరులో రాశారు, జలాంతర్గాముల సోనార్ శబ్దం గుర్తుకొచ్చేలా ఆ పేరు పెట్టారు. ఫ్రీబీఎస్‌డీలో పింగ్ "హోస్ట్ ఈజ్ డౌన్" అంటే, సాధారణంగా ఏఆర్‌పీకి జవాబు రాలేదని అర్థం. అవతలి మెషీన్ ఆగి ఉండొచ్చు, లేదా మనం చూసినట్టు మాస్క్ తప్పు ఉండొచ్చు. "నో రూట్ టు హోస్ట్" అంటే మామూలుగా దారే తెలియదని, గేట్‌వేకి పంపే డిఫాల్ట్ రూటు పోయిందేమో చూడాలి. ఏ మాటా రాకుండా ఊరికే ఉండిపోతే ప్యాకెట్ బయలుదేరింది, తిరిగి రాలేదు. మధ్యలో ఫైర్‌వాల్ ఉండొచ్చు. మూడూ "పింగ్ రావట్లేదు" అనే మాట కిందికే వస్తాయి, మూడింటికీ వైద్యం వేరు. ఫోన్లో ఎవరైనా "పింగ్ రావట్లేదు" అంటే, "తెర మీద ఏమని వచ్చిందో అక్షరం పొల్లుపోకుండా చదవండి" అని అడగండి.

ఇంకోటి, మీ మెషీన్ అడ్రసును మీ మెషీన్ నుంచే పింగ్ చేసి "వస్తోంది, కేబుల్ బాగానే ఉంది" అనుకోవద్దు. అది లూప్‌బ్యాక్ మీదుగా లోపలే తిరిగి వచ్చేస్తుంది, తీగ మీదికి వెళ్లదు.

(ప్రశ్న: మేడం, ఒకే అడ్రసు రెండు మెషీన్లకు ఇస్తే ఎలా తెలుస్తుంది?)

మంచి ప్రశ్న. కెర్నెల్ గట్టిగానే చెబుతుంది. వార్ డైరెక్టరీలో లాగ్, అందులో మెసేజెస్ అనే ఫైలు చూడండి. "ఫలానా హార్డ్‌వేర్ అడ్రసు నా ఐపీ అడ్రసును వాడుతోంది" అని ఆశ్చర్యార్థకంతో సహా రాస్తుంది. ఆ హార్డ్‌వేర్ అడ్రసులో మొదటి 24 బిట్లు చాలావరకు తయారీదారుకు కేటాయించినవి. వాటిని బట్టి అది ప్రింటరా, కెమెరానా, గోడకు పెట్టిన హాజరు మెషీనా అని ఊహించొచ్చు. ఇది రాకుండా ఉండాలంటే చేత్తో ఇచ్చే అడ్రసులు, రౌటర్ డీహెచ్‌సీపీ ద్వారా పంచే అడ్రసుల పరిధిలో ఉండకూడదు. రౌటర్ 100 నుంచి 200 దాకా పంచుతుంటే, సర్వర్‌కు 20 ఇవ్వండి.

ఇప్పుడు రెండో చోటికి, ఫైల్లోకి వెళదాం. ఫ్రీబీఎస్‌డీలో ఈటీసీ డైరెక్టరీలోని ఆర్‌సీ డాట్ కాన్ఫ్. మనకు కావాల్సినవి రెండు లైన్లు.

ఐఎఫ్‌కాన్ఫిగ్_ఈఎమ్0="ఇనెట్ 192.168.1.20 నెట్‌మాస్క్ 255.255.255.0"

డిఫాల్ట్‌రౌటర్="192.168.1.1"

డీహెచ్‌సీపీ నుంచి తీసుకోమంటే మొదటి లైన్లో కొటేషన్ గుర్తుల మధ్య డీహెచ్‌సీపీ అని రాస్తే చాలు, రెండో లైను అక్కర్లేదు, గేట్‌వే కూడా రౌటరే చెబుతుంది. డెస్క్‌టాప్‌లకు అదే మేలు. పదిమంది వెతుక్కుంటూ వచ్చే సర్వర్‌కు మాత్రం అడ్రసు స్థిరంగా ఉండాలి.

ఈ ఫైలు చూడటానికి పట్టికలా ఉంటుంది, నిజానికి ఇది షెల్ స్క్రిప్టు, అంటే మనం కొట్టే ఆదేశాలను నడిపే షెల్ చదివే ఫైలు. బూట్ అయ్యేటప్పుడు షెల్ దీన్ని చదువుతుంది. కాబట్టి సమానం గుర్తుకు అటూ ఇటూ ఖాళీ వదలకూడదు. కొటేషన్ గుర్తు (కోట్) తెరిస్తే మూయాలి. మూయడం మరిచిపోతే ఆ లైను ఒక్కటే కాదు, బూటే ఆగిపోయి, మరమ్మతు కోసం ఉండే సింగిల్ యూజర్ మోడ్‌లోకి పడిపోవచ్చు. అలా పడితే టెన్షన్ పడొద్దు. షెల్ పేరు అడుగుతుంది, ఎంటర్ కొట్టండి. అప్పుడు డిస్క్ చదవడానికే తెరిచి ఉంటుంది, రాయనివ్వదు. మౌంట్ -యూ స్లాష్ అని కొట్టి రాయడానికి తెరవండి, తర్వాత మౌంట్ -ఏ, ఆ కోట్ మూసి రీబూట్ చేయండి. ఈ అవస్థ రాకూడదంటే ఎడిటర్‌తో తెరవకుండా సిస్‌ఆర్‌సీ అనే ఆదేశం వాడండి. సిస్‌ఆర్‌సీ డిఫాల్ట్‌రౌటర్="192.168.1.1" అంటే ఫైల్లో ఆ లైను మాత్రమే మారుస్తుంది, పాతది ఏమి ఉండేదో, కొత్తది ఏమిటో చూపిస్తుంది. ఉత్త పేరు ఇస్తే ఉన్న విలువ చెబుతుంది. నేను ఎవరికి నేర్పినా సిస్‌ఆర్‌సీతోనే మొదలుపెట్టమంటాను.

ఫైలు మార్చాక కెర్నెల్‌కు చేరాలి. సర్వీస్ నెట్‌ఇఫ్ రీస్టార్ట్, ఆ తర్వాత సర్వీస్ రౌటింగ్ రీస్టార్ట్. రెండూ కలిపి ఒకే లైన్లో కొట్టండి. మొదటిది ఇంటర్‌ఫేస్‌ని దించి లేపేటప్పుడు డిఫాల్ట్ రూటు ఎగిరిపోతుంది. దూరం నుంచి నెట్‌వర్క్ ద్వారా లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్‌లో ఉండి మొదటిది మాత్రమే కొడితే, రెండోది కొట్టడానికి మీకు తెర ఉండదు.

పేర్ల సంగతి త్వరగా చెప్పేస్తాను. ఈటీసీలో రిజాల్వ్ డాట్ కాన్ఫ్ అనే ఫైల్లో నేమ్‌సర్వర్, అంటే పేరు చెబితే అడ్రసు ఇచ్చే మెషీన్, దాని అడ్రసు ఉంటుంది. అడ్రసుతో పింగ్ వచ్చి పేరుతో రాకపోతే చూడాల్సింది అక్కడే, ఇంటర్‌ఫేస్‌ని కదిలించకండి. మూడు నేమ్‌సర్వర్ల దాకానే చూస్తుంది, నాలుగోది రాసినా పట్టించుకోదు. డీహెచ్‌సీపీ వాడుతుంటే ఈ ఫైలును అది తిరగరాస్తుంది. చేత్తో రాసింది రేపు కనబడకపోతే కారణం అదే.

(ప్రశ్న: మేడం, మా కాలేజీ ల్యాబ్‌లో ఉబుంటు ఉంది. ఇవన్నీ అక్కడ పనికొస్తాయా?)

ఆదేశాలు మారతాయి, ఆలోచన మారదు. లైనక్స్‌లో ఇప్పుడున్నది చూడటానికి ఐపీ యాడర్, ఐపీ రూట్ వాడండి. పాత ఐఎఫ్‌కాన్ఫిగ్ చాలా చోట్ల ఇప్పుడు ముందుగా ఇన్‌స్టాల్ అయి రాదు. రూట్ గెట్ బదులు ఐపీ రూట్ గెట్. పేర్లు ఈఎన్‌పీ3ఎస్0 లాగా ఉంటాయి: పీసీఐ బస్సు మూడు, స్లాట్ సున్నా అని. ఫైలు ఎక్కడుందన్నదే తికమక. ఉబుంటు సర్వర్‌లో ఈటీసీలోని నెట్‌ప్లాన్ డైరెక్టరీ, డెబియన్‌లో ఈటీసీ, నెట్‌వర్క్, ఇంటర్‌ఫేసెస్, డెస్క్‌టాప్‌లో నెట్‌వర్క్ మేనేజర్. ఒకే మెషీన్‌లో ఇద్దరు ముగ్గురు ఈ పనికి పోటీపడే ప్రమాదం ఉంది. ఏ ఫైలు చెల్లుతుందో ముందు తేల్చుకోండి. నెట్‌ప్లాన్‌లో ఒక గొప్ప సదుపాయం ఉంది: నెట్‌ప్లాన్ ట్రై. మార్పు అమలు చేసి 120 సెకన్లు ఎదురుచూస్తుంది, మీరు ఎంటర్ కొట్టకపోతే పాతదానికి తిరిగి వెళ్లిపోతుంది. ఓపెన్‌బీఎస్‌డీలో మరీ తేలిక: హోస్ట్‌నేమ్ డాట్ ఈఎమ్0 అని ఇంటర్‌ఫేస్ పేరుతోనే ఫైలు, గేట్‌వేకి మైగేట్ అనే ఫైలు.

(ప్రశ్న: ఫ్రీబీఎస్‌డీ సర్వర్ దూరంగా ఉండి, అడ్రసు మార్చాల్సి వస్తే?)

ఇక్కడే రెండు చోట్లు వేర్వేరుగా ఉండటం మనకు రక్షణ అవుతుంది. ముందు షట్‌డౌన్ -ఆర్ ప్లస్ 20 అని కొట్టండి. ఇరవై నిమిషాల్లో రీబూట్ అవుతుంది. తర్వాత మార్పును కమాండ్‌తో, కెర్నెల్‌లో మాత్రమే చేయండి. ఫైలు ముట్టుకోకండి. మార్పు తప్పయి కనెక్షన్ తెగిపోయిందా, కూర్చోండి. సమయానికి రీబూట్ అవుతుంది, ఫైల్లో ఉన్న పాత మంచి అమరికతో లేస్తుంది. మార్పు సరైనదైతే కొత్త అడ్రసుతో లాగిన్ అయి, షట్‌డౌన్ ప్రాసెస్‌ని కిల్ చేసి, అప్పుడు ఫైల్లో రాయండి. ఒక జాగ్రత్త: రీబూట్‌కు ఐదు నిమిషాల ముందు నుంచి కొత్త లాగిన్లు ఆపేస్తుంది. అందుకే ఐదో పదో కాకుండా ఇరవై అన్నాను. ఆఫీసు పని జరిగే వేళలో మాత్రం ఇది చేయొద్దు.

వైఫై గురించి చీటీ వచ్చింది. సర్వర్‌కు కేబుల్ వేయగలిగినంత వరకు కేబులే వేయండి. ల్యాప్‌టాప్‌కైతే కార్డు డ్రైవర్ మీద డబ్ల్యూల్యాన్0 అనే ఇంటర్‌ఫేస్ తయారుచేస్తారు, పాస్‌వర్డు డబ్ల్యూపీఏ సప్లికెంట్ ఫైల్లో ఉంటుంది. మిగతాదంతా మనం చెప్పుకున్నట్టే.

(ప్రశ్న: ముందు ఎవరో అమర్చి వెళ్లిపోయిన మెషీన్ మన చేతికొస్తే ఎక్కడ మొదలుపెట్టాలి?)

రీస్టార్ట్ మాత్రం చేయకండి. అది ఇప్పుడు పనిచేస్తుంటే, దాని అసలు అమరిక ఈ లోకంలో కెర్నెల్ మెమరీలో తప్ప ఇంకెక్కడా లేకపోవచ్చు. ఐఎఫ్‌కాన్ఫిగ్, రూట్ల పట్టిక చూపే నెట్‌స్టాట్ -ఆర్ఎన్, రిజాల్వ్ డాట్ కాన్ఫ్, ఈ మూడింటినీ తేదీ వేసి ఒక ఫైల్లోకి తీసుకోండి, కాగితం మీద కూడా ప్రింటు తీయండి. నెట్ పోయినప్పుడు కాగితమే దొరుకుతుంది. తర్వాత ఆర్‌సీ డాట్ కాన్ఫ్ పక్కన పెట్టుకుని ఒక్కో లైను సరిపోల్చండి. కెర్నెల్‌లో అడ్రసు ఉంది, ఫైల్లో లేదు: ఎవరో చేత్తో పెట్టారు. ఫైల్లో ఐఎఫ్‌కాన్ఫిగ్_ఈఎమ్0 ఉంది, కెర్నెల్‌లో ఈఎమ్0 అనే కార్డే లేదు, ఆర్‌ఈ0 ఉంది: ఎప్పుడో పాత కార్డు కాలిపోతే వేరే కంపెనీ కార్డు వేసి ఫైలు మార్చలేదు. తేడాలన్నీ సరిచేశాక, రాత్రి పని అయిపోయిన తర్వాత యజమానికి చెప్పి, మెషీన్ ముందు కూర్చుని మీరే రీబూట్ చేయండి. లేచిందంటే ఆ పని అప్పుడు పూర్తయినట్టు. లేవకపోతే మీరు అక్కడే ఉన్నారు, తీసిపెట్టిన కాగితం చేతిలో ఉంది, బయట లారీలు లేవు.

పై అంతస్తులో ల్యాబ్ తెరిచి ఉంది. ప్రతి మెషీన్‌లోనూ కెర్నెల్‌కీ ఫైల్‌కీ మధ్య ఒక తేడా పెట్టి ఉంచాం, ఒక్కోదానిలో ఒక్కోరకం. ఇద్దరిద్దరు కూర్చోండి. రీబూట్ చేయకుండా, దేన్నీ మార్చకుండా, ముందు ఆ తేడా ఏమిటో కాగితం మీద రాసి నాకు చూపించండి. సరిచేయడం ఆ తర్వాత.